కీలెస్ కారుకు రెండో తాళం ఎక్కడ, ఎవరి దగ్గర ఉండాలి?

మీరు అడిగినది ఇది. ఆరు నెలల కిందట హైదరాబాదులో కొన్న కారుకు, జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునే తాళాలు రెండు ఇచ్చారు. ఒకటి మీరు వాడుతున్నారు. రెండోది షోరూం వాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోనే బీరువాలో ఉంది. దానిని కారులోనే ఎక్కడైనా దాచుకుంటే దారిలో అక్కరకు వస్తుందా, గుడివాడలో ఉన్న మీ నాన్నగారి దగ్గర ఉంచడం మంచిదా, లేక మీ భార్య కూడా కారు నడపడం మొదలుపెట్టారు కాబట్టి ఆమెకే ఇచ్చేస్తే సరిపోతుందా అన్నది మీ సందేహం.

విజయవాడ ఆటోనగర్‌లో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తూ ఇరవై రెండేళ్లు గడిపాను. మొదటి పదేళ్లలో తాళం ఇబ్బందితో నా దగ్గరకు వచ్చినవారు తాళం విరిగిందనో, లోపల మరిచిపోయి తలుపు వేసేశామనో వచ్చేవారు. ఇప్పుడు వచ్చేవారిలో చాలామంది తాళం చేతిలో పట్టుకునే వస్తున్నారు, అయినా కారు కదలడం లేదంటారు. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలిస్తే మీ ప్రశ్నకు జవాబు సగం దొరికినట్లే. ఖాయంగా చెప్పగలిగిన మాట మాత్రం ముందే చెబుతాను: రెండో తాళాన్ని కారులో ఉంచకండి. మీ మిగిలిన రెండు ఆలోచనలలోనూ కొంత మంచి ఉంది, కొంత లోటూ ఉంది.

మీ చేతిలో ఉన్న ఆ చిన్న నల్ల డబ్బీలో నిజానికి మూడు తాళాలు ఉన్నాయి. మొదటిది రేడియో. మీరు తలుపు పిడి మీద చెయ్యి వేయగానే, లేదా దాని మీది బటన్ నొక్కగానే, కారు 125 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక బలహీనమైన సంకేతాన్ని చుట్టూ వదులుతుంది. అది చాలా కార్లలో సుమారు 70 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా మాత్రమే చేరుతుంది. ఆ పరిధిలో తాళం ఉంటే అది మేలుకొని, మన దేశంలో అమ్మే కార్లలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద, తన గుర్తింపును రహస్య సంకేతంగా మార్చి పంపుతుంది. ఈ పనికి తాళంలో ఉన్న బిళ్ల బ్యాటరీ కావాలి. రెండోది ఇమ్మొబిలైజర్ చిప్, అంటే ఇది తన తాళమేనని కారుకు రుజువైతే తప్ప ఇంజన్ స్టార్ట్ కాకుండా చూసే ఏర్పాటు. దీనికి బ్యాటరీతో పని లేదు. తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుంటే, బటన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే ఆ చిప్‌కు కావలసిన కొద్దిపాటి శక్తి అందుతుంది, అది జవాబు చెబుతుంది, ఇంజన్ స్టార్ట్ అవుతుంది. మూడోది, డబ్బీ పక్కన చిన్న మీట నొక్కి లాగితే బయటికి వచ్చే ఇనుప తాళం. డ్రైవర్ తలుపు పిడి చివర ఉండే చిన్న ప్లాస్టిక్ మూత వెనుక దానికి సరిపడే రంధ్రం ఉంటుంది. మూత కొన్ని కార్లలో చేత్తోనే ఊడుతుంది, కొన్నింటిలో ఆ ఇనుప తాళం కొనతోనే కింది నుంచి మీటాలి.

ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆధారపడవు. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన తాళంతో కూడా తలుపు తెరవవచ్చు, బండి స్టార్ట్ చేయవచ్చు. ఇది తెలియక నడిరోడ్డు మీద టోయింగ్ బండి కోసం ఎదురుచూసినవారిని నేను లెక్కలేనంత మందిని చూశాను. ఒక ఆదివారం తీరిగ్గా తాళం విప్పి బ్యాటరీ తీసి పక్కన పెట్టి, మీరొకసారి, మీ భార్య ఒకసారి కారు తెరిచి స్టార్ట్ చేసి చూడండి. చాలా కార్లలో తాళాన్ని స్టార్ట్ బటన్‌కే ఆనించాలి. కొన్నింటిలో స్టీరింగు కింద గుర్తు వేసిన చోట, మరికొన్నింటిలో గేరు దగ్గరి అరలో పెట్టాలి. మీ కారు మాన్యువల్‌లో ‘తాళం బ్యాటరీ అయిపోతే’ అన్న పేజీ ఉంటుంది, అది చదివి ఫోనులో ఫొటో తీసుకోండి. ఆటోమేటిక్ బండి అయితే బ్రేకు, మాన్యువల్ గేర్ల బండి అయితే క్లచ్ నొక్కి ఉంచాలన్నది ఆ కంగారులో చాలామంది మరిచిపోతారు. ఇనుప తాళంతో తలుపు తెరిచినప్పుడు కొన్ని కార్లు దొంగ వచ్చాడనుకొని హారన్ మోగిస్తాయి. తాళాన్ని బటన్‌కు ఆనించి స్టార్ట్ చేయగానే ఆ మోత ఆగుతుంది.

ఇప్పుడు కారులో ఎందుకు దాచకూడదో చూద్దాం. తాళం దగ్గరలో ఉండడమే ఈ ఏర్పాటులో అనుమతి. పాత కారులో డాష్‌బోర్డు అరలో పడి ఉన్న తాళం ఒట్టి ఇనుపముక్క, దొంగ అద్దం పగలగొట్టి వెదికితే తప్ప అది ఎవరికీ ఉపయోగపడదు. కీలెస్ కారులో అదే అరలో బ్యాటరీ ఉన్న తాళం ఉంటే, ఆ కారు తన యజమాని లోపలే కూర్చున్నాడని అనుకుంటుంది. కొన్ని కార్లు అప్పుడు లాక్ పడవు, కీచుమని అరుస్తాయి. కొన్ని కార్లు బయట ఉన్న తాళంతో లాక్ వేస్తే లోపలి తాళాన్ని తాత్కాలికంగా పనిచేయకుండా చేస్తాయి. ఇంకొన్ని, లోపలి తాళం డిక్కీ మూలలోనో సీటు కిందనో డాష్‌బోర్డు మీదనో సంకేతం అందని చోట ఉంటే, దానిని గుర్తించకుండా లాక్ పడి, తర్వాత ఎప్పుడో గుర్తిస్తాయి. ఏ కారు ఎలా ప్రవర్తిస్తుందో కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్ సంవత్సరాన్ని బట్టి కూడా మారుతుంది. అందుకే ‘మా బావగారి కారులో పెట్టుకుంటున్నారు, ఏమీ కాలేదు’ అన్న మాటను మీ కారుకు అన్వయించుకోకండి.

అల్యూమినియం ఫాయిల్ చుట్టి పెడితే రేడియో ఆగిపోతుంది కదా అని కొందరు తెలివిగా అడుగుతారు. ఆగుతుంది, కారు బుద్ధిగా లాక్ కూడా పడుతుంది. కానీ చిప్ అలాగే ఉంటుంది. చిల్లర కోసమో లాప్‌టాప్ కోసమో అద్దం పగలగొట్టినవాడి చేతికి ఆ పొట్లం దొరికితే, అతడు లాప్‌టాప్‌తో పాటు కారునూ తీసుకుపోతాడు. పైగా మన ఎండలు. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో డాష్‌బోర్డు చేత్తో ముట్టుకోలేనంతగా కాలుతుంది. తాళాలలో వాడే సీఆర్ 2032 రకం బిళ్లలు చాలా వరకు 60 డిగ్రీల సెల్సియస్ దాకానే తట్టుకునేలా తయారవుతాయి. చక్రం పైనో చాసిస్ కిందనో అయస్కాంతంతో అతికించే డబ్బాలు కూడా అమ్ముతున్నారు. మన స్పీడు బ్రేకర్ల మీద అవి ఎంతకాలం నిలుస్తాయో మీరే ఆలోచించుకోండి. నిలిచినా, బ్యాటరీ ఉన్న తాళం అందులో ఉంటే కారు తెరిచిపెట్టినట్లే.

బీమా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో కారు దొంగతనానికి క్లెయిము పెడితే, ఎఫ్‌ఐఆర్‌, ఆర్సీలతో పాటు రెండు ఒరిజినల్ తాళాలూ అప్పగించమని బీమా సంస్థలు సాధారణంగా అడుగుతాయి. ఒకటి కారుతో పాటే పోయిందంటే, అది కారులోనే ఉందా అన్న ప్రశ్న వస్తుంది. వాహనాన్ని కాపాడుకోవడానికి యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలన్న షరతు పాలసీలోనే ఉంటుంది. కారులో తాళం ఉంచానని మీ నోటితో మీరే చెప్పవలసి వస్తే, క్లెయిము తగ్గించడానికో తిరస్కరించడానికో వాళ్లకు దారి చూపించినట్లు అవుతుంది.

రెండో తాళం అవసరం నిజంగా ఎప్పుడు పడుతుందో చెప్పడానికి నా దగ్గరకు వచ్చిన ఒక సంగతి చెబుతాను. ఒకాయన తెల్లవారుజామున భార్యను విజయవాడ రైల్వే స్టేషన్లో శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి తీసుకువెళ్లాడు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు తలుపు గడియ వేసి వచ్చింది ఆమె కాబట్టి ఇంటి తాళాలు, కారు తాళం అన్నీ ఆమె చేతిసంచిలోనే ఉన్నాయి. కారు సంచిలోని తాళాన్ని గుర్తించింది, ఈయన బటన్ నొక్కాడు, బండి కదిలింది. స్టేషన్ దగ్గర ఇంజన్ ఆపకుండానే ఆమెను దింపాడు. తాళం దూరమైందని కారు బీప్ కొట్టే ఉంటుంది, డాష్‌బోర్డు మీటర్ల మధ్య సందేశం వచ్చే ఉంటుంది. ఆ హడావుడిలో ఎవరు చూస్తారు? నడుస్తున్న ఇంజన్‌ను తాళం లేదని మధ్యలో ఆపేయడం ప్రమాదం కాబట్టి ఏ కారూ ఆ పని చేయదు. ఆయన అక్కడి నుంచి గుంటూరు వెళ్లి, పని ఉన్న చోట ఇంజన్ ఆపాడు. అంతే. తాళం అప్పటికి రైల్లో తెలంగాణ సరిహద్దు దాటుతోంది. రెండో తాళం విజయవాడలో, ఇంట్లో, బీరువాలో ఉంది. ఆ ఇంటి తాళాలు కూడా రైల్లోనే ఉన్నాయి.

తాళం తిప్పి స్టార్ట్ చేసే కారులో ఈ తప్పు జరగడానికి వీల్లేదు. అందుకే ఇద్దరు నడిపే ఇంట్లో రెండో తాళం గురించి విడిగా ఆలోచించాలి. మీ భార్యకు రెండో తాళం ఇచ్చేయండి, అది సరైన పనే. ఆమె సంచిలో ఒకటి, మీ జేబులో ఒకటి ఎప్పుడూ ఉంటే పైన చెప్పిన సంఘటన జరిగినా మీరు ఇబ్బంది పడరు. అయితే ఆ రోజు నుంచి మీకు స్పేరు తాళం లేదని గుర్తుంచుకోండి. రోజూ వాడుకలో ఉన్న రెండు తాళాలలో ఏది పోయినా ఒక్కటే మిగులుతుంది. ఇద్దరూ కలిసి ఒకే కారులో ఊరికి వెళ్లినప్పుడు రెండూ ఒకే చోట ఉంటాయి, ఒకే గదిలో నిద్రపోతాయి, ఒకే సంచి పోతే రెండూ పోతాయి. ఇద్దరూ నడిపే ఇళ్లకు మూడో తాళం చేయించుకోమని నేను చెబుతాను. దాని ఖర్చు కారును బట్టి కొన్ని వేల నుంచి, ఖరీదైన కార్లకు లక్ష దాకా కూడా ఉంటుంది కాబట్టి వినగానే ముఖం చిట్లిస్తారు. కానీ ఒక తాళం చేతిలో ఉండగా ఇంకొకటి చేయించుకోవడం వేరు, ఉన్నవన్నీ పోయాక చేయించుకోవడం వేరు. రెండో సందర్భంలో కారును ట్రక్కు ఎక్కించి సర్వీస్ సెంటర్‌కు చేర్చాలి, ఇమ్మొబిలైజర్‌ను మొదటి నుంచి తిరిగి నమోదు చేయాలి, కొన్ని మోడళ్లలో కంట్రోల్ యూనిట్టే మార్చవలసి రావచ్చు, తాళం కంపెనీ నుంచి వచ్చేదాకా రోజుల తరబడి కారు అక్కడే ఉంటుంది.

ఇంట్లో తాళాలు ఎక్కడ తగిలిస్తున్నారో కూడా చూసుకోండి. మీది అపార్ట్‌మెంటు, కారు సెల్లారులో ఉంటుంది కాబట్టి కొంత నయం. మా విజయవాడ వైపు విడి ఇళ్లలో పోర్టికోలో కారు, దాని పక్క గోడకే లోపలివైపు తాళాల కొక్కెం ఉండడం మామూలు. గోడకు ఇటు కారు, అటు తాళం, మధ్య దూరం మీటరు కూడా ఉండదు. ఒక్కోసారి కొక్కేనికి ఉన్న తాళంతోనే బయట కారు తలుపు తెరుచుకుంటుంది. అలా తెరుచుకోకపోయినా, యజమాని దగ్గరికి వస్తే దీపాలు వెలిగించే కార్లు తాళాన్ని పదే పదే పలకరిస్తూ ఉంటాయి, ఆ పలకరింపులకు జవాబు చెప్పి చెప్పి తాళం బ్యాటరీ నెలల్లోనే అయిపోతుంది, కారు బ్యాటరీ మీద కూడా భారం పడుతుంది. టీవీ, కంప్యూటరు, ఫోను చార్జరు, ఇండక్షన్ పొయ్యి లాంటివాటికి మీటరు లోపల తాళాన్ని ఉంచవద్దని మాన్యువళ్లలో రాసేది కూడా ఇందుకే. వాటి నుంచి వెలువడే అయస్కాంత క్షేత్రం తాళాన్ని ఊరికే మేలుకొలుపుతూ ఉంటుంది.

ఇంకొక ప్రమాదం రిలే దొంగతనం. ఒకడు మీ ఇంటి తలుపు దగ్గర ఒక పరికరంతో, ఇంకొకడు కారు దగ్గర మరో పరికరంతో నిలబడి, కారు పిలుపును ఇంట్లోని తాళానికి, తాళం జవాబును కారుకు మోసుకుపోతారు. కారుకు తాళం పక్కనే ఉన్నట్లు కనిపిస్తుంది. రహస్య సంకేతాన్ని ఛేదించే పనే లేదు. స్విట్జర్లాండులోని జూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల 10 కార్ల మీద ఈ పద్ధతిని ప్రయత్నించి, అన్నింటి మీదా పనిచేసిందని 2011లోనే ప్రకటించారు. బ్రిటన్, కెనడాలలో ఉన్న మనవాళ్లకు ఇది బాగా తెలిసిన బెడద. కొత్త మోడళ్లలో కదలకుండా ఉన్న తాళం కొద్ది నిమిషాలకు నిద్రపోయే ఏర్పాటు, దూరాన్ని కచ్చితంగా కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో వస్తున్నాయి కానీ, అన్నింటిలోనూ లేవు. దీనికి లోహపు పొర ఉన్న సంచులు అమ్ముతారు. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా కూడా చాలా సార్లు సరిపోతుంది. కొన్నదైనా వంటింట్లోదైనా, తాళాన్ని అందులో వేసి, డబ్బాను కారు తలుపు దగ్గరే పట్టుకొని పిడి లాగి చూడండి. తలుపు తెరుచుకోకపోతేనే దానిని నమ్మండి. సంచులు కొన్నాళ్లకు మడతల దగ్గర చిరుగుతాయి, మళ్లీ చూసుకోవాలి. తాళాన్ని మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టే అలవాటు కొందరికి ఉంది. ఇంట్లో వాళ్లెవరైనా చూసుకోకుండా స్విచ్ వేస్తే ఏమవుతుందో చెప్పనవసరం లేదు.

ఇక రోజూ వాడని తాళాన్ని ఎలా ఉంచాలన్నదానికి నా పద్ధతి చెబుతాను. దాని బ్యాటరీ తీసేయండి. పైన చెప్పిన మూడు తాళాలలో బ్యాటరీ మీద బతికేది ఒక్క రేడియోనే. దానిని తీసేస్తే తాళం ఎవరి పిలుపుకూ పలకదు, రిలే దొంగకు కనిపించదు, ఏళ్ల తరబడి పెట్టినా అయిపోయేదేమీ ఉండదు. ఇనుప తాళంతో తలుపు, చిప్‌తో ఇంజన్ ఎప్పటిలాగే పనిచేస్తాయి. బ్యాటరీ తీసినంత మాత్రాన కారుతో దానికి ఉన్న జత చెదరదు, ఆ నమోదు చెరిగిపోని మెమరీలో ఉంటుంది. దానితో పాటు సీలు తియ్యని కొత్త బిళ్ల ఒకటి ఉంచండి, వాడకపోతే అది చాలా ఏళ్లు నిలవ ఉంటుంది. సైజు మాత్రం మీ తాళం వెనుక రాసినదే కావాలి. సీఆర్ 2032 మందం 3.2 మిల్లీమీటర్లు, సీఆర్ 2025 మందం 2.5. ఒకదాని చోట ఇంకొకటి కుక్కితే పట్టీలు వంగిపోతాయి, లేదా ముట్టీ ముట్టకుండా ఉండి ఇవాళ పనిచేసి రేపు మానేస్తుంది. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూసిన బిళ్లలు కూడా వస్తున్నాయి, ఆ పూత వల్ల కొన్ని పరికరాలలో కరెంటు సరిగా అందదు. అలాగని పిల్లలున్న ఇంట్లో విడి బిళ్లను సొరుగులో పడేయకండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోయే ప్రమాదం ఉంది.

వాడుకలో ఉన్న తాళం బ్యాటరీ మామూలుగా ఒకటి నుంచి మూడేళ్లు వస్తుంది. మీటర్ల దగ్గర హెచ్చరిక కనిపించిన వారంలోపు మార్చండి. మార్చిన నెల, సంవత్సరం డబ్బీ లోపలివైపు మార్కరుతో రాసుకుంటే చాలు.

ఆ తాళం ఎక్కడ ఉండాలన్న అసలు ప్రశ్నకు వస్తాను. చోటు కంటే ముందు మనిషిని ఎంచుకోండి. బీరువాకు ఫోను చేయలేము కదా. అర్ధరాత్రి మీరు ఫోను చేస్తే ఎత్తి, తాళం తీసుకొని ఆటోలోనో బైకు మీదనో మీ దగ్గరకు రాగలిగినవారు, లేదా మీరు గంటలోపు చేరుకోగలిగినవారు ఒకరు కావాలి. కారు ఉండే ఊళ్లోనే, కానీ మీ ఇల్లు కాని ఇంట్లో ఉండే అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో చాలాకాలం నాటి స్నేహితులో దీనికి తగినవారు. మీ నాన్నగారు ఉన్న గుడివాడకూ మీ కారు ఉన్న హైదరాబాదుకూ మధ్య మూడు వందల కిలోమీటర్లకు పైగా ఉంది. కూకట్‌పల్లిలో షాపింగ్ మాల్ దగ్గర చిక్కుకుపోయిన రోజు ఆ తాళం మీకు అందదు. మీ దగ్గరున్న తాళాలన్నీ పోయి, కొత్తది చేయించడానికి నమోదైన తాళం ఒకటి చూపవలసి వచ్చినప్పుడు మాత్రం అది బంగారమే. సెలవులకు మీరు ఎక్కువగా అక్కడికే కారులో వెళ్తారంటే అప్పుడు కూడా ఉపయోగమే. అందుకని మూడో తాళం చేయిస్తే దానిని హైదరాబాదులో దగ్గరివారి ఇంట్లో ఉంచండి. చేయించే ఆలోచన లేకపోతే రెండింటినీ మీరిద్దరే వాడుకోండి, గుడివాడకు పంపకండి.

రెండూ ఒకే కప్పు కింద ఉంటే ఏమవుతుందో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ మునిగినప్పుడు మేము ఇక్కడ చూశాము. నాకు తెలిసిన ఒక కుటుంబం కారు ఆ రోజు బెంజి సర్కిల్ వైపు పొడిగా నిలిచి ఉంది. తాళాలే నీళ్లలో ఉన్నాయి. ఒకటి ఇంటాయన ఛాతీ లోతు నీళ్లలో బయటికి వచ్చినప్పుడు జేబులో తడిసింది, రెండోది కింది అంతస్తు బీరువాలో రోజుల తరబడి బురదనీటిలో నానింది. మొదటిదానిలో నీరు చేరగానే బ్యాటరీ తీసి ఉంటే బతికేదేమో, ఆయన బటన్ నొక్కి నొక్కి చూశాడు, సర్క్యూట్ తుప్పు పట్టింది. నేను రెండింటినీ విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాను. రెండింటిలోనూ రేడియో పలకలేదు. బీరువాలో నానినదాని చిప్ మాత్రం పనిచేసింది, బటన్‌కు ఆనించగానే బండి స్టార్ట్ అయింది. ఆ ఒక్క చిప్ వల్లే కొత్త తాళాల నమోదు తేలికైంది. పుష్కరాలకు, సముద్ర స్నానాలకు వెళ్లేవారికి కూడా ఇదే చెబుతాను: తాళం తడిస్తే నొక్కి చూడకండి, ముందు బిళ్ల తీయండి. బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టడం వల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు, పిండి పొడి లోపలికి పోతుంది.

దారిలో అక్కరకు రావాలన్న మీ మొదటి ఆలోచనకు కారులో దాచడం కంటే మంచి ఉపాయం ఒకటి ఉంది. డబ్బీలోని ఇనుప తాళానికి మాత్రం, చిప్ లేకుండా, ఒక నకలు చేయించుకొని పర్సులో పెట్టుకోండి. చాలా కార్లకు కొన్ని వందల రూపాయలలోనే అవుతుంది. లోపలివైపు పాము మెలిక లాంటి గాడి ఉన్న రకమైతే దానికి తగిన యంత్రం ఉన్నవారి దగ్గరే చేయించాలి. ఆ ముక్క తలుపు తెరుస్తుంది, ఇంజన్ స్టార్ట్ చేయదు, కాబట్టి పర్సు పోయినా కారు పోదు. సంచి డిక్కీలో పెట్టి మూయగానే లోపలి తాళాన్ని గుర్తించకుండా లాక్ పడిన రోజున, కారు బ్యాటరీయే పడిపోయి ఏ రేడియోకూ పలకని రోజున, ముఖ్యంగా చిన్నపిల్లలు లోపల ఉండిపోయిన రోజున దాని విలువ తెలుస్తుంది. ఎండలో పిల్లలు లోపల ఉంటే మాత్రం తాళం కోసం వెదకకుండా వాళ్లకు దూరంగా ఉన్న అద్దం పగలగొట్టండి. ఫోను యాప్‌తో తలుపులు తీసే సౌకర్యం మీ కారుకు ఉంటే వాడుకోండి, కానీ దానినే స్పేరు తాళం అనుకోకండి. సెల్లారులో సిగ్నల్ అందదు, చందా గడువు అయిపోతుంది, అన్నింటికీ మించి ఫోనూ తాళమూ సాధారణంగా ఒకే సంచిలో ఉంటాయి.

కొత్తది చేయించేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోండి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే తాళాలలో అమెరికా మార్కెట్ కోసం చేసినవి చాలా వరకు 315 మెగాహెర్ట్జ్‌వి, అవి మన కార్లతో మాట్లాడవు. ఇతరుల కారుకు ఒకసారి నమోదైన పాత తాళాన్ని చాలా మోడళ్లలో తిరిగి నమోదు చేయడం కుదరదు. డెలివరీ రోజున తాళాలతో పాటు నంబరు చెక్కిన చిన్న లోహపు బిళ్లో కార్డో ఇచ్చి ఉంటారు. ఇనుప తాళం కొయ్యడానికి ఆ నంబరు కావాలి, దానిని కారులో కాకుండా ఇంట్లో కాగితాలతో ఉంచండి. నమోదుకు వెళ్లేటప్పుడు మీ దగ్గర ఉన్న తాళాలన్నీ పట్టుకెళ్లండి. చాలా కార్లలో నమోదు మొదలుపెట్టగానే పాత జాబితా చెరిగిపోతుంది, ఆ సమయంలో అక్కడ లేని తాళం ఇకపై పనికిరాదు. తాళం పోయినప్పుడు చేయవలసినది కూడా ఇదే. పోయినదానిని జాబితా నుంచి తీయించండి, పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, బీమా సంస్థకు ఈమెయిలులో తెలియజేయండి. రేపు ఎప్పుడైనా రెండో తాళం ఏదని అడిగితే ఆ రెండు కాగితాలే మీ జవాబు. పాలసీలో తాళం మార్పిడికి అదనపు కవరు తీసుకొని ఉంటే ఖర్చులో కొంత అక్కడ కూడా వస్తుంది.

దగ్గరివారికి తాళం ఇచ్చే రోజున ఒక చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసి దానితో పాటే కవరులో పెట్టండి: ఇనుప తాళం ఎలా బయటికి లాగాలి, తలుపు రంధ్రం మూత ఎక్కడ ఉంది, తాళాన్ని కారులో ఎక్కడ ఆనించాలి, బిళ్ల ఎటువైపు పైకి ఉండాలి. అలా రాయకుండా ఇచ్చిన ఒకాయనకు, మూడేళ్ల తర్వాత తాళం పట్టుకొని వచ్చిన తమ్ముడు కారు పక్కనే నిలబడి బటన్ నొక్కుతూ, ‘ఇది పాడైపోయింది అన్నయ్యా’ అని ఫోనులో చెప్పాడట. తాళంలో బ్యాటరీ లేదన్న సంగతి అన్నయ్యకే గుర్తు లేదు.